కేస్ షీట్ నుంచి కంప్యూటర్‌కి: శ్రీకాకుళం, విజయనగరం నర్సులు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆసుపత్రుల్లో కేస్ షీట్ పని కొంచెం కొంచెంగా కంప్యూటర్‌లోకి వెళ్తోంది. కొన్నిచోట్ల సాఫీగా, ఎక్కువచోట్ల గొణుగుడు మధ్య. స్టాఫ్ నర్సులు, హెడ్ నర్సులు, నర్సింగ్ విద్యార్థులు, అప్పుడప్పుడు సూపరింటెండెంట్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఏ ఒక్క సాఫ్ట్‌వేర్‌నో మనసులో పెట్టుకుని రాసినవి కావు. ఏ బటన్ ఎక్కడుందో మీ ట్రైనర్ చెప్పాలి.

కంప్యూటర్ రికార్డు వస్తే మా పనిలో ఏం మారుతుంది?

రాసే పని మారుతుంది, చూసే పని మారదు. టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస) చార్టు, బీపీ, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఇంటేక్-అవుట్‌పుట్ (ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క), మందుల చార్టు, నర్సెస్ నోట్స్, షిఫ్ట్ హ్యాండోవర్, ఫార్మసీకి ఇండెంటు, ల్యాబ్‌కి రిక్వెస్టు, ఇవన్నీ స్క్రీన్ మీదికి వస్తాయి. అయితే అన్నీ ఒకేసారి రావు. సాధారణంగా ముందు ఓపీ రిజిస్ట్రేషన్, బిల్లింగ్, ఆ తర్వాత ల్యాబ్ రిపోర్టులు వస్తాయి. వార్డు రాత వంతు చివర్లో. అందుకే "మాది పూర్తిగా కంప్యూటరైజ్డ్ ఆసుపత్రి" అని చెప్పుకునే చోట కూడా నర్సింగ్ స్టేషన్ టేబుల్ మీద రిజిస్టర్ల దొంతర కనిపిస్తుంది.

నర్సులకు కంప్యూటర్ అంటే పడదంటారు. నిజమేనా?

నిజం కాదు. ఈ మాట ఎక్కువగా సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల నోట, కొన్న తర్వాత వాడకం పెరగలేదని బాధపడే మేనేజ్‌మెంట్ల నోట వినిపిస్తుంది. 2021లో కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు కోవిన్‌లో వివరాలు ఎక్కించడంలో పెద్ద పాత్ర ఎవరిది? సబ్‌సెంటర్లలో అన్‌మోల్ యాప్‌లో గర్భిణుల వివరాలు నింపేది ఎవరు? ఏఎన్ఎంలే. స్టాఫ్ నర్సుల చేతిలో ఫోన్‌పే ఉంది, పిల్లల ఫీజు ఆన్‌లైన్‌లో కడుతున్నారు, రిజిస్ట్రేషన్ రెన్యువల్ పనీ ఆన్‌లైన్‌లోనే చూసుకుంటున్నారు. వీళ్లకు మౌస్ అంటే భయమని ఎలా అంటాం?

కొత్త టెక్నాలజీని మనుషులు ఎందుకు వాడతారు, ఎందుకు పక్కన పెడతారు అన్న దాని మీద అమెరికాలో ఫ్రెడ్ డేవిస్ 1989లో ఒక నమూనా ఇచ్చారు. ఇది నా పనికి ఉపయోగపడుతుందా, వాడటం సులువుగా ఉందా అన్న రెండు ప్రశ్నల మీదే ఎక్కువ భాగం ఆధారపడి ఉంటుందని అందులో సారం. 2003లో విశ్వనాథ్ వెంకటేష్, డేవిస్, మరికొందరు కలిసి దాన్ని విస్తరించారు. చుట్టూ ఉన్న ముఖ్యమైనవాళ్లు ఏమనుకుంటున్నారు, సంస్థ నుంచి సాయం ఉందా లేదా అన్నవి కూడా లెక్కలోకి వచ్చాయి. మన వార్డు భాషలో చెప్పాలంటే, సిస్టమ్ మంచిదే కావచ్చు, కానీ అది మొరాయించినప్పుడు పిలిస్తే వచ్చే మనిషి లేకపోతే దాన్ని ఎవరూ నమ్మరు.

నర్సింగ్ రికార్డుల మీదే నేరుగా చేసిన పరిశోధన ఒకటుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ ఆసుపత్రిలో నాలుగు వార్డుల్లో కంప్యూటర్ నర్సింగ్ డాక్యుమెంటేషన్ పెట్టి, రెండేళ్లు గమనించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. నాలుగు వార్డుల్లోనూ ఒకటే సాఫ్ట్‌వేర్. అయినా ఆదరణ అన్నిచోట్లా ఒకేలా లేదు. నర్సింగ్ ప్రాసెస్ ప్రకారం, అంటే పేషెంట్ అవసరాలు చూసి కేర్ ప్లాన్ వేసుకుని రాయడం మీద ముందు నుంచే నమ్మకం ఉన్నవాళ్లు, కంప్యూటర్ మీద ధీమా ఉన్నవాళ్లు త్వరగా అందుకున్నారు. ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. కేర్ ప్లాన్ రాయడమే దండగ అనుకునే వార్డులో దాన్ని స్క్రీన్ మీద పెట్టినా దండగగానే కనిపిస్తుంది. కంప్యూటర్ దానంతటది ఆ నమ్మకాన్ని పుట్టించదు.

పుస్తకంలోనూ రాయాలి, కంప్యూటర్‌లోనూ ఎక్కించాలి. ఇది ఎన్నాళ్లు?

ఎవరు ఎన్ని కారణాలు చెప్పినా, నా లెక్కలో నర్సులు కంప్యూటర్ మీద విసుక్కోవడానికి అసలు కారణం ఈ రెండు రాతలే. మిగతావన్నీ దీని తర్వాత.

ఎలా జరుగుతుందో చూడండి. ఉదయం 6 గంటల వైటల్స్ (టెంపరేచర్, పల్స్, బీపీ లాంటివి) తీయాలి. నైట్ డ్యూటీలో ఇద్దరే ఉన్నారు. ట్రాలీ మీద కంప్యూటర్ లేదు, అది నర్సింగ్ స్టేషన్‌లో ఉంది. సిస్టర్ ఒక కాగితం ముక్క మీద, ఒక్కోసారి అరచేతి మీద అంకెలు రాసుకుంటుంది. స్టేషన్‌కి వచ్చి టీపీఆర్ చార్టులో ఎక్కిస్తుంది. తర్వాత రిపోర్టు బుక్‌లో రాస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్‌లో. ఒకే బీపీని నాలుగుసార్లు రాసింది. నాలుగుసార్లు రాసినచోట ఎక్కడో ఒకచోట 130 కాస్తా 150 అవుతుంది. డ్యూటీ దిగేముందు అరగంటలో మొత్తం ఎక్కించేద్దామని కూర్చుంటే, మార్నింగ్ షిఫ్ట్ వాళ్లు వచ్చి హ్యాండోవర్ అడుగుతుంటారు. ఈలోగా క్యాజువాలిటీ నుంచి ఒక అడ్మిషన్. ఇక ఆవిడ కంప్యూటర్‌ని ఎందుకు ప్రేమిస్తుంది?

మేనేజ్‌మెంట్లు కాగితాన్ని ఎందుకు వదలవో కూడా తెలుసుకోవాలి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు రిజిస్టరే అడుగుతారన్న భయం ఒకటి. మెడికో లీగల్ (పోలీసులు, కోర్టుతో ముడిపడిన) కేసయితే సంతకం ఉన్న కాగితం కావాలన్న నమ్మకం ఇంకొకటి. ప్రభుత్వ వైద్య సేవ పథకం, ఇన్సూరెన్స్ క్లెయిములకు కేస్ షీట్ స్కాన్ చేసి పంపే అలవాటు మూడోది. కంప్యూటర్‌లో పుట్టిన రికార్డుని ప్రింట్ తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి కంప్యూటర్‌లోకే ఎక్కించే ఆసుపత్రులున్నాయి. నవ్వొస్తుంది గానీ ఆ పని చేసేది మనమే.

కొన్నాళ్లు రెండూ నడపడం తప్పు కాదు. కొత్త సిస్టమ్ సరిగ్గా లెక్క కడుతోందో లేదో చూసుకోవాలి. కానీ ఆ "కొన్నాళ్ల"కు తేదీ ఉండాలి. ఫలానా తేదీ నుంచి టీపీఆర్ చార్టు కాగితం బంద్, ఫలానా తేదీ నుంచి ఇంటేక్-అవుట్‌పుట్ బంద్ అని ఒక్కో ఫారమ్‌కి విడివిడిగా, రాతపూర్వకంగా సర్క్యులర్ రావాలి. తేదీ లేకుండా "అలవాటయ్యేదాకా రెండూ రాయండి" అంటే ఎప్పటికీ అలవాటు కాదు. మీ హెడ్ నర్సుతో కలిసి వెళ్లి అడగాల్సిన మొదటి విషయం ఇదే. ట్రైనింగ్ గురించి తర్వాత అడగవచ్చు.

నాకు టైపింగ్ రాదు, సర్వీసు కూడా ఎక్కువ మిగల్లేదు. నేర్చుకోవాలా?

నేర్చుకోవాలి, కానీ టైపింగ్ కాదు. వార్డు సిస్టమ్‌లో ఎక్కువ భాగం అంకెలు వేయడం, జాబితాలోంచి ఎంచుకోవడం. పేరాలు కొట్టాల్సిన పని తక్కువ. వయసు పైబడినవాళ్లు వాడలేరన్నది సగం నిజమే. వాళ్లకు మొదటి వారాల్లో టైమ్ ఎక్కువ పడుతుంది, పక్కన చిన్నపిల్లలు చకచకా కొడుతుంటే చిన్నతనంగా అనిపిస్తుంది. అక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఒక జూనియర్‌ని తోడు పెట్టుకోండి. మొదట వైటల్స్ స్క్రీన్ ఒక్కటే నేర్చుకోండి, అది చేతికి అలవాటయ్యాక మందుల స్క్రీన్‌కి వెళ్లండి. ఇంకో మాట. పేషెంట్‌ని చూడగానే "ఈయన పరిస్థితి బాగోలేదు" అని పసిగట్టేది సీనియర్ సిస్టర్లే. వాళ్ల నోట్స్ రికార్డులోకి రాకపోతే వార్డుకే నష్టం.

దయచేసి జూనియర్‌కి మీ పాస్‌వర్డ్ ఇచ్చి "నువ్వే కొట్టేయమ్మా" అనకండి. దాని గురించి కింద ఉంది.

కంప్యూటర్ వస్తే పొరపాట్లు తగ్గుతాయా?

కొన్ని తగ్గుతాయి, కొన్ని కొత్తవి పుడతాయి. రెండూ చెప్పకపోతే మోసం చేసినట్టే.

తగ్గేవి ముందు చెబుతాను. డాక్టరు గారి చేతిరాత చదవలేక ఇంకో సిస్టర్‌ని పిలవడం, ఆవిడా చదవలేక ఇద్దరూ కలిసి ఊహించడం పోతుంది. ఇంటేక్-అవుట్‌పుట్ కూడిక అదే వేస్తుంది. అలర్జీ ఒకసారి ఎక్కిస్తే ప్రతి అడ్మిషన్‌లోనూ కనిపిస్తుంది. పేషెంట్ దిగజారుతున్న సంగతి ముందే పట్టుకునే స్కోర్లు ఉన్నాయి. ఉదాహరణకి బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్-2 (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్). శ్వాస రేటు, సాచురేషన్, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్, ఈ ఏడింటికీ పాయింట్లు వేస్తారు. మొత్తం 5 లేదా 6 అయితే వెంటనే డాక్టరు చూడాలి, 7 లేదా అంతకంటే ఎక్కువైతే ఎమర్జెన్సీ. రాత్రి 3 గంటలకు ఇది చేత్తో కట్టడం అంత సులువు కాదు. సిస్టమ్ అయితే వైటల్స్ వేయగానే రంగు మార్చి చూపిస్తుంది. నర్సులు కంప్యూటర్‌ని ఇష్టపడటం మొదలయ్యేది ఇలాంటి చోటే. మనం ఇచ్చింది తీసుకోవడమే కాదు, మనకు కూడా ఏదో తిరిగి ఇస్తోంది.

ఇక పుట్టేవి. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు 2005లో ఒక పెద్ద ఆసుపత్రిలో మందుల ఆర్డర్లను కంప్యూటర్‌లో రాసే పద్ధతిని పరిశీలించారు. ఆ పద్ధతే దారి ఇస్తున్న 22 రకాల పొరపాట్లను గుర్తించారు. స్క్రీన్ మీద పక్క పేషెంట్ పేరు నొక్కడం లాంటివి. అదే ఏడాది పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి నుంచి ఇంకా కలవరపెట్టే లెక్క వచ్చింది. కంప్యూటర్ ఆర్డర్లు పెట్టిన తర్వాత, వేరే ఆసుపత్రుల నుంచి తరలించిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయి. పిల్లవాడు ఆసుపత్రికి చేరకముందే మందులు సిద్ధం చేసుకునే పాత పద్ధతి పోయింది, డాక్టర్లూ నర్సులూ మంచం దగ్గర కాకుండా స్క్రీన్ దగ్గర ఉండాల్సి వచ్చింది అని కారణాలు రాశారు. మరుసటి ఏడాది సియాటిల్ పిల్లల ఆసుపత్రి అదే కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న తమ ఐసీయూ లెక్క ప్రకటించింది. అక్కడ మరణాలు పెరగలేదు.

ఒకే సరుకు, రెండు ఫలితాలు. తేడా దాన్ని వార్డులో ఎలా దించారన్న దగ్గర ఉంది. మన జిల్లాల్లో ఎవరైనా "టాప్ సాఫ్ట్‌వేర్ కొన్నాం, ఇక ఢోకా లేదు" అంటే ఈ రెండు ఆసుపత్రుల సంగతి చెప్పండి.

ఒకే వార్డులో ఇద్దరు పైడిరాజులు. ఏం చేయాలి?

విజయనగరంలో ఇది రోజూ ఉండే సంగతే. పైడితల్లి అమ్మవారి పేరు పెట్టుకోని వీధి ఉండదు. శ్రీకాకుళంలో అప్పలనాయుడు, సూర్యనారాయణ, అప్పలనరసమ్మ. ఇంటిపేరు కూడా కలిసేవాళ్లు దొరుకుతారు. కాగితం మీదయితే బెడ్ నంబరు చూసి గుర్తుపట్టేవాళ్లం, కంప్యూటర్‌లో అక్షరక్రమంలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు. వేలు జారితే అంతే.

పేరుతో వెతకడం మానేయండి. ఆసుపత్రి ఇచ్చిన యూహెచ్‌ఐడీ (పేషెంట్ గుర్తింపు నంబరు) లేదా ఐపీ నంబరుతో (అడ్మిషన్ నంబరు) తెరవండి. చేతికి కట్టిన బ్యాండ్ మీద బార్‌కోడ్ ఉంటే స్కాన్ చేయండి. లేకపోతే పేరుతో పాటు వయసో, తండ్రి లేదా భర్త పేరో అడిగి సరిచూసుకోండి. బెడ్ నంబరు గుర్తింపు కాదు. మంచాలు మారుతుంటాయి. దేశమంతటా వాడే 14 అంకెల ఆభా ఆరోగ్య గుర్తింపు నంబరు ఉంటే మంచిదే, కానీ వార్డులో మందు ఇచ్చేముందు ఆధారపడాల్సింది ఐపీ నంబరు మీదే. ఒకే పేరువాళ్లు ఇద్దరుంటే హ్యాండోవర్‌లో గట్టిగా చెప్పాలి. ఈ ఒక్క విషయంలో పాత అలవాటు వదలొద్దు.

నోట్స్ తెలుగులో రాయవచ్చా?

సాఫ్ట్‌వేర్ యూనికోడ్ తెలుగు తీసుకుంటే రాయవచ్చు. ఆసుపత్రి ఒప్పుకోవాలి కూడా. మందులు, డోసు, ప్రొసీజర్ పేర్లు ఇంగ్లీషులోనే ఉంచండి, అక్కడ కలిపితే ప్రమాదం. పేషెంట్ చెప్పిన మాట మాత్రం ఆయన చెప్పినట్టే ఉంటే విలువ ఎక్కువ. "కడుపులో ఏటో తిప్పేస్తంది" అని ఒక పెద్దాయన అంటే, జాబితాలో ఉన్నవి వికారం, వాంతి, కడుపునొప్పి. ఏది నొక్కినా ఆయన మాట పూర్తిగా రాదు. దగ్గరగా ఉన్నది ఎంచుకుని, కింద ఖాళీ పెట్టెలో ఆయన మాట రాయండి. ఫోన్‌లో తెలుగు కొట్టడం వచ్చినవాళ్లకు ఇది పెద్ద పని కాదు. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే పేషెంట్లు, సీతంపేట వైపు నుంచి వచ్చే సవర గిరిజనులు ఉంటారు. వాళ్లు చెప్పింది ఎవరు తెలుగులోకి చెప్పారో కూడా ఒక ముక్క రాయడం మంచిది.

కరెంటు పోతే? నెట్ పోతే? తుఫాను వస్తే?

మన తీరానికి ఇది ఊహ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. సెల్ టవర్లు పనిచేయలేదు. జనరేటర్ ఉన్న ఆసుపత్రిలో కూడా డీజిల్ ముందు ఐసీయూకి, ఆపరేషన్ థియేటర్‌కి వెళ్తుంది. వార్డు కంప్యూటర్ వంతు తర్వాతే.

అందుకని ప్రతి వార్డులో ఒక డౌన్‌టైమ్ ఫోల్డర్ (సిస్టమ్ ఆగినప్పుడు వాడే ఫైలు) ఉండాలి. ఖాళీ వైటల్స్ షీట్లు, మందుల చార్టులు, అడ్మిషన్ ఫారాలు. రోజూ ఒక నిర్ణీత టైముకి, మందుల లిస్టు, అలర్జీలు, చివరి వైటల్స్ ఉన్న వార్డు సారాంశం ప్రింట్ తీసి అందులో పెట్టాలి. సిస్టమ్ ఆగాక ప్రింట్ తీద్దామంటే కుదరదు కదా. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున రెండు మూడుసార్లు తీయండి. కరెంటు వచ్చాక కాగితం మీద రాసిన ప్రతి అంకె తిరిగి ఎక్కించక్కర్లేదు. అడ్మిషన్, ఇచ్చిన మందులు, ముఖ్యమైన మార్పులు ఎక్కించి, మిగతా కాగితం స్కాన్ చేసి జత చేయడం చాలు. ఏది ఎక్కించాలి, ఏది స్కాన్ చేయాలి అన్నది ముందే రాసి పెట్టుకోవాలి, లేకపోతే ఆ భారం కూడా నైట్ సిస్టర్ మీదే పడుతుంది.

నా లాగిన్ తెరిచి ఉంది, వేరేవాళ్లు ఎంట్రీ చేశారు. సమస్యా?

పెద్ద సమస్య. రికార్డులో మీ పేరుంటుంది. నర్సింగ్ స్టూడెంట్ ఇచ్చిన ఇంజెక్షన్ మీరిచ్చినట్టు పడుతుంది. ఆ రోజు మీరు సెలవులో ఉంటే ఇంకా అందం. పని చూసుకుని లాగౌట్ కావడం అలవాటు చేసుకోండి. లాగిన్‌కే రెండు నిమిషాలు పడుతోంది, అందుకే ఎవరూ లాగౌట్ కావడం లేదంటే, అది నర్సుల క్రమశిక్షణ సమస్య కాదు, సిస్టమ్ సమస్య. కార్డు తాకిస్తే తెరుచుకునే పద్ధతో, వేలిముద్రో పెట్టమని అడగండి. స్టూడెంట్లకు విడిగా లాగిన్, దాని మీద మీ ఆమోదం ఉండాలి.

నిన్నటి నోట్స్ కాపీ చేసి ఈ రోజు పేస్ట్ చేయవచ్చా?

వద్దు. నిన్న క్యాథెటర్ (మూత్రం గొట్టం) ఉందని రాసింది ఈ రోజు కూడా వస్తుంది, అది ఉదయమే తీసేసి ఉంటారు.

మేం ఎప్పుడు ఏం ఎక్కించామో అంతా కనిపిస్తుందట. ఇది మా మీద నిఘానా?

రాత్రి 2 గంటల బీపీ 2.05కి పడిందా, తెల్లవారుజామున 5.40కి పడిందా అన్నది సిస్టమ్‌కి తెలుసు. కాబట్టి భయం ఊరికే పుట్టింది కాదు. కొన్నిచోట్ల ఈ టైములు చూపించి మెమోలు ఇచ్చిన సంగతి నర్సుల మాటల్లో వింటుంటాం. ఆ పని చేసిన వార్డులో మర్నాటి నుంచి అన్ని ఎంట్రీలూ టైముకే పడతాయి. చూసి వేసినవి ఎన్ని అన్నది ఎవరికీ తెలియదు. రికార్డు మీద నమ్మకం పోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

మీ వైపు నుంచి చేయాల్సింది ఒకటే. చూసిన టైము నిజం రాయండి. ఎక్కించిన టైము సిస్టమ్ ఎలాగూ రాసుకుంటుంది. ఆలస్యమైతే లేట్ ఎంట్రీ అని పెట్టి, కారణం నాలుగు మాటల్లో రాయండి: "7వ బెడ్ కార్డియాక్ అరెస్ట్, సీపీఆర్‌లో ఉన్నాం." అది మిమ్మల్ని కాపాడుతుంది. 30 మంది పేషెంట్లకు ఇద్దరే ఉన్నారన్న సంగతిని కూడా అవే టైములు బయటపెడతాయి. స్టాఫ్ చాలడం లేదని అడగడానికి అంతకంటే గట్టి ఆధారం మన దగ్గర ఎప్పుడూ లేదు.

కంప్యూటర్ రికార్డు కోర్టులో చెల్లుతుందా?

చెల్లుతుంది. 2000 నాటి ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రికార్డుకు గుర్తింపు ఇచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ అలాంటి రికార్డుని సాక్ష్యంగా ఎలా ఇవ్వాలో చెబుతుంది. దానికి సర్టిఫికెట్ జత చేయాలి, ఆ పని ఆసుపత్రిది. ఎంట్రీ తప్పు పడితే చెరిపేయడానికి తంటాలు పడొద్దు. సవరణ పెట్టండి, పాతదీ కొత్తదీ రెండూ ఉంటాయి. కాగితం మీద ఒక గీత గీసి సంతకం పెట్టడం లాంటిదే. వైట్‌నర్ మాత్రం ఇక్కడ లేదు, మంచిదే.

వైద్యుల ప్రవర్తన మీద 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. రికార్డు రూమ్‌లో కట్టలు విప్పే పని తప్పుతుంది కాబట్టి ఇందులో కంప్యూటర్‌దే పైచేయి. పేషెంట్ బంధువులు వార్డులో మిమ్మల్ని అడిగితే మీరు ప్రింట్ ఇవ్వకండి, ఎంఆర్‌డీకి (మెడికల్ రికార్డ్స్ విభాగానికి) పంపండి.

స్క్రీన్ ఫొటో తీసి డాక్టరు గారికి వాట్సాప్ చేస్తున్నాం. తప్పా?

అందరూ చేస్తున్నారు. తప్పే. పేషెంట్ పేరు, నంబరు కనిపించే ఫొటో మీ సొంత ఫోన్‌లో, గ్రూపులో, గ్యాలరీలో మిగిలిపోతుంది. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. డాక్టర్లు బయటి నుంచి చూసుకునే ఏర్పాటు సిస్టమ్‌లోనే కావాలని అడగండి. అప్పటిదాకా అత్యవసరమైతే ఫోన్ చేసి చెప్పండి, చెప్పిన ఆర్డర్ తిరిగి చదివి వినిపించండి, నోట్స్‌లో టైముతో రాయండి.

ఈ రికార్డు వల్ల పేషెంట్‌కి ఒరిగేదేంటి? మాకు కనిపించడం లేదు.

రెండు రోజులుండి వెళ్లిపోయే జ్వరం కేసులో నిజంగానే పెద్దగా కనిపించదు. డయాలసిస్ యూనిట్‌లో చూడండి. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కూడా ప్రారంభమయ్యాయి. డయాలసిస్ పేషెంట్ వారానికి రెండు మూడుసార్లు, ఏళ్ల తరబడి వస్తాడు. ప్రతిసారీ ముందు బరువు, తర్వాత బరువు, మధ్యలో బీపీలు, తీసిన నీరు, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చే రక్తనాళం) పరిస్థితి రాస్తాం. కాగితం మీద ఇదంతా ఒక లావు ఫైలు. వెనక్కి తిప్పి చూసేంత తీరిక ఎవరికీ ఉండదు. స్క్రీన్ మీద అయితే మూడు నెలల బరువులు ఒక గీతగా కనిపిస్తాయి. డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) మార్చాల్సిన టైము వచ్చిందని డాక్టరు కంటే ముందు సిస్టర్‌కే తెలుస్తుంది. మూడో గంటలో బీపీ పడిపోవడం ఇతనికి మామూలేనని కొత్తగా డ్యూటీకి వచ్చిన అమ్మాయికి కూడా తెలుస్తుంది.

కంప్యూటర్ రికార్డులు మొదలుపెట్టాలనుకునే ఆసుపత్రులు జనరల్ మెడిసిన్ వార్డు నుంచి కాకుండా ఇలాంటి చోటు నుంచి మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం. లాభం ముందు కనిపించినచోట నర్సులే పక్క వార్డుకి చెబుతారు.

పేషెంట్‌ని వైజాగ్ రిఫర్ చేస్తే, కేజీహెచ్‌లో మన రికార్డు కనిపిస్తుందా?

దానంతటదే కనిపించదు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఉద్దేశం అదే. ఆభా నంబరుతో, పేషెంట్ అనుమతితో ఒక ఆసుపత్రి రికార్డు ఇంకొక ఆసుపత్రి చూడగలగాలి. దానికి రెండు ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్లూ ఆ వ్యవస్థకు కలిసి ఉండాలి, మన రికార్డు దానికి అనుసంధానం కావాలి, పేషెంట్ ఒప్పుకోవాలి. అర్ధరాత్రి 108లో పంపేటప్పుడు ఇవన్నీ కుదిరాయా అని చూస్తూ కూర్చోలేం. రిఫరల్ సమ్మరీ ప్రింట్ తీసి, చివరి మందు ఎన్ని గంటలకు ఇచ్చారో స్పష్టంగా రాసి, పేషెంట్ వెంట వెళ్లేవాళ్ల చేతిలో పెట్టండి.

నేను సూపరింటెండెంట్‌ని. నర్సులను ఎలా ఒప్పించాలి?

ఒప్పించడం అన్న ఆలోచనతో మొదలుపెట్టకండి. సాఫ్ట్‌వేర్ కొనకముందే, డెమో రోజున, నైట్ డ్యూటీలు చేసే ఇద్దరు ముగ్గురు స్టాఫ్ నర్సులను గదిలో కూర్చోబెట్టండి. నర్సింగ్ సూపరింటెండెంట్ ఒక్కరు వస్తే చాలదు. ఆవిడకు రోజూ వైటల్స్ వేసే పని లేదు. ఒక అడ్మిషన్ మొత్తం వాళ్ల చేత ఎక్కించి చూడండి. ఎన్ని క్లిక్కులు పడుతున్నాయో సేల్స్ మనిషికి అక్కడే తెలుస్తుంది.

ట్రైనింగ్ డ్యూటీ టైములో పెట్టండి. నైట్ దిగి వచ్చినవాళ్లను ఉదయం 10 గంటలకు క్లాసులో కూర్చోబెడితే వాళ్లు నిద్రపోతారు, అది వాళ్ల తప్పు కాదు. వార్డుకి ఒక్క కంప్యూటర్ పెట్టి, దాని మీద డాక్టర్లు, ఇంటర్న్‌లు, బిల్లింగ్ వాళ్లు కూర్చుంటే నర్సు ఎప్పుడు ఎక్కిస్తుంది? మంచం దాకా వెళ్లే ట్రాలీనో, ట్యాబో ఉంటే రాసే పని చాలా తగ్గుతుంది. వైఫై చివరి మంచం దాకా వస్తోందో లేదో మీరే నడిచి చూడండి. పాత రాతి గోడల భవనాల్లో సిగ్నల్ మూల తిరగదు. మొదటి నెల రాత్రుళ్లు కూడా సపోర్టు మనిషి ఉండాలి. ఇబ్బంది మొదలయ్యేది ఎక్కువగా రాత్రి 9 తర్వాతే.

పైన చెప్పిన కాగితం బంద్ సర్క్యులర్ మీద సంతకం పెట్టాల్సింది కూడా మీరే.

ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాం. మాకు ఇది సిలబస్‌లో ఉందా?

ఉంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ సిలబస్‌లో నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ ఒక సబ్జెక్టు. చాలా కాలేజీల్లో దాన్ని ఎంఎస్ వర్డ్ నేర్పే క్లాసుగా గడిపేస్తున్నారు. క్లినికల్ పోస్టింగ్‌లో వార్డు సిస్టమ్ చూపించమని మీరే అడగండి. కేర్ ప్లాన్ చేత్తో రాయడం మానకండి. దాని వెనక ఆలోచన తెలియకపోతే జాబితాలో ఏది నొక్కాలో తెలియదు.

సాఫ్ట్‌వేర్‌లో ఇబ్బంది ఉంది. ఎవరికి, ఎలా చెప్పాలి?

"సిస్టమ్ బాగోలేదు" అని చెబితే ఎవరూ ఏమీ చేయరు. ఏ స్క్రీన్, ఏ టైము, ఏం చేయబోతే ఏం అయింది అన్నది రాయండి. ఉదాహరణకి: "మందుల స్క్రీన్‌లో స్టాట్ డోస్ (వెంటనే ఇవ్వాల్సిన డోసు) ఇచ్చినట్టు గుర్తు పెట్టాక అది పెండింగ్‌లోనే కనిపిస్తోంది. రెండోసారి ఇచ్చే ప్రమాదం ఉంది." పేషెంట్ భద్రతకు ముప్పు ఉన్నది ఏదైనా నోటితో చెప్పి ఊరుకోకండి. ఇన్సిడెంట్ రిపోర్టుగా ఇవ్వండి. మందు ఇవ్వడంలో పొరపాటు జరిగితే ఎలా ఇస్తామో ఇదీ అంతే. వార్డులో ఒక పుస్తకం పెట్టుకుని (అవును, కాగితం పుస్తకమే) ఫిర్యాదు తేదీ, సరిచేసిన తేదీ రాసుకోండి. వారం దాటినా జవాబు రాకపోతే దాని కాపీ నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.